నీళ్ళున్న ఏడు దాళ్వా వెయ్యాలి

అమ్మలూ,

నిన్న రాత్రి పదకొండింటికి "పెదనాన్నా, పద్దెనిమిది పడింది!" అని నువ్వు ఫోన్‌లో అరిచిన అరుపు మీ పెద్దమ్మకి కూడా వినబడింది. ఇంటర్నల్ మార్కులేమో అనుకుని "ఎంతకీ?" అని అడిగింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో పాచికల సంగతని చెప్పాక, కాకినాడలో చదువుకోమని పంపిస్తే హాస్టల్లో పాచికలాడుతోందా అని మొదలెట్టి, "అయినా నేర్పింది మీరేగా" అంటూ నా దగ్గరికొచ్చి ఆగింది. నిజమే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆ ఫోన్‌లో సగం మాటలు తెగిపోయాయి. మన అంబాజీపేట తోటల్లో సిగ్నల్ సంగతి నీకు తెలుసుగా. పైగా ఇది తాపీగా చెప్పాల్సిన విషయం, అందుకే కాగితం తీశాను. ఆటలో నీ పాత్రకుండే బలం, తెలివి లాంటి ఆరు గుణాల కోసం నువ్వు వేసి పంపిన అంకెలు ఎదురుగా పెట్టుకున్నాను: 18, 17, 16, 14, 14, 12. మీ డీఎం, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్, 2014 నాటి రూల్స్‌తోనే ఆడిస్తోందన్నావు కాబట్టి నా లెక్కలన్నీ వాటి ప్రకారమే. 2024లో వచ్చిన కొత్త రూల్స్‌లో కొన్ని మారాయి, వాటిని ఇందులో కలపకు.

ముందు ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ పాచికలు నలుగురి ముందు వేశావా, గదిలో ఒక్కదానివే వేశావా? చిన్నప్పుడు మన అరుగు మీద అష్టాచెమ్మా ఆడినప్పుడు, గవ్వలు చాటుగా వేసి చమ్మా పడిందంటే నువ్వు ఊరుకున్నావా? తమ్ముణ్ణి కొట్టినంత పని చేశావు. ఇదీ అంతే. నాలుగు పాచికలు వేసి చిన్నది తీసేసే పద్ధతిలో ఒక్కసారి వేస్తే 18 పడడమంటే పాచికలు పడగల 1296 రకాల్లో 21 మాత్రమే, అంటే సుమారు అరవై రెండింటికి ఒకటి. ఆరుసార్లు వేస్తారు కాబట్టి పదకొండు మందిలో ఒకరికి ఎక్కడో ఒక 18 తగులుతుంది. అందులో వింత లేదు. వింతంతా దాని వెనకాల 17, 16 కూడా రావడంలో ఉంది. మామూలుగా ఆరు అంకెలూ కూడితే 73 దగ్గర ఆగుతుంది. నీది 91. ఎవరూ చూడకపోతే ఎవరూ నమ్మరు, నమ్మినట్టు నటిస్తారు, అది ఇంకా చెడ్డది. చూడకపోతే వెళ్ళి అందరి ముందూ మళ్ళీ వెయ్యి. చూశారా, అయితే ముందుకి పోదాం.

నువ్వు విజార్డ్, అంటే మంత్రగాడి పాత్ర, చేస్తానన్నావు. ఇంటెలిజెన్స్‌లో 18 పెట్టేస్తే ఇక తిరుగులేదన్నావు. అక్కడే నాకు అభ్యంతరం.

మన చేల సంగతే చూడు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు బాగా ఉండి కాలవలు నిండుగా పారుతున్న ఏడు రైతు ఏం చేస్తాడు? దాళ్వా, అంటే రెండో పంట వరి, వేస్తాడు. వరి బోలెడు నీళ్ళు తాగుతుంది, తాగినదానికి తగ్గట్టు పండుతుంది. గోదావరిలో నీళ్ళు తగ్గి వంతులవారీగా వదిలే ఏడు, ముఖ్యంగా శివారు చేలవాళ్ళు, సార్వా వరి కోతకి ముందే చేలో మినుము చల్లేసి ఊరుకుంటారు. మినుముకి నీళ్ళక్కర్లేదు, నేలలో మిగిలిన తడీ రాత్రి మంచూ చాలు. రెండూ మంచి పంటలే. కానీ కాలవ పొంగి పారుతుంటే గట్టు మీద నిలబడి మినుము చల్లేవాణ్ణి ఏమంటాం?

విజార్డ్ మినుము. వాడికి గట్టిగా కావలసింది ఇంటెలిజెన్స్ ఒక్కటే, దాని పక్కన కాస్త కాన్‌స్టిట్యూషన్, కాస్త డెక్స్టెరిటీ, అంటే కాస్త ఒంటి గట్టిదనం, కాస్త చురుకుదనం. మామూలు అంకెలతో మొదలెట్టినవాడు కూడా 16 ఇంటెలిజెన్స్‌తో వచ్చి నాలుగో లెవెల్లో రెండు, ఎనిమిదో లెవెల్లో రెండు పెంచుకుని 20 దగ్గర నిలబడతాడు. ఆ పైన పాచికలతో పడిన అంకెలకైనా, పెంచుకున్నవాటికైనా 20 హద్దు. అంటే నీ అదృష్టం మొత్తం ఏడెనిమిది లెవెళ్ళ ముచ్చట, తర్వాత నువ్వూ వాడూ ఒకటే. నీ 17, 16 ఏ మూలనో పడుంటాయి.

ఒక్క అంకె కాకుండా మూడు నాలుగు మంచి అంకెలు అడిగే క్లాసులు, అంటే పాత్ర చేసే వృత్తులు, ఉన్నాయి. మామూలు రోజుల్లో వాటిని ఎంచుకున్నవాళ్ళు ఎక్కడో ఒకచోట కక్కుర్తి పడాల్సిందే. ఇవాళ నీకు ఆ అవసరం లేదు కాబట్టి వాటినే చూడాలి.

పాలడిన్, అంటే ఒట్టు పెట్టుకుని పోరాడే ధర్మయోధుడు, ఆ సంగతి వివరంగా చెబుతాను, నా మనసు దాని మీదే ఉంది. కత్తి తిప్పడానికి స్ట్రెంగ్త్ కావాలి, మంత్రాలకి కరిజ్మా (ఎదుటివాణ్ణి ఆకట్టుకునే గుణం) కావాలి, ముందు వరసలో దెబ్బలు తినాలి కాబట్టి కాన్‌స్టిట్యూషన్ కావాలి. పాచికలు వెయ్యకుండా 27 పాయింట్లతో అంకెలు కొనుక్కునే పద్ధతిలో హాఫ్ ఎల్ఫ్ జాతి పాలడిన్ చేసి చూశాను: స్ట్రెంగ్త్ 16, కరిజ్మా 16, కాన్‌స్టిట్యూషన్ 14 దాకా లాక్కొస్తే ఇంటెలిజెన్స్ 8లో చతికిలబడింది. నీ అంకెలతో చూడు. హాఫ్ ఎల్ఫ్‌కి కరిజ్మాలో రెండు, నీకిష్టమైన మరో రెండింట్లో ఒక్కొక్కటి కలుస్తాయి. 18 కరిజ్మాలో పెడితే మొదటి రోజే 20. 17 స్ట్రెంగ్త్‌లో పెడితే 18. 16 కాన్‌స్టిట్యూషన్‌లో పెడితే 17. మిగిలిన 14లు డెక్స్టెరిటీకీ, విజ్‌డమ్‌కీ, 12 ఇంటెలిజెన్స్‌కీ. నీ షీట్ మీద అన్నిటికంటే చిన్న అంకె కూడా ఆటలో మామూలు మనిషి సగటు కంటే పెద్దదే!

18ని కత్తి చేతికి ఇవ్వకుండా కరిజ్మాకి ఇచ్చానేంటని అడుగుతావు. ఆరో లెవెల్ కోసం. ఆ లెవెల్లో పాలడిన్‌కి ఒక ఆరా, అంటే చుట్టూ పరుచుకునే రక్షణ, వస్తుంది. పది అడుగుల లోపలున్న నీ వాళ్ళందరి సేవింగ్ త్రోలకీ (ఆపద తప్పించుకోడానికి వేసే పాచికలకీ), నీ వాటికీ, నీ కరిజ్మా మాడిఫయర్, అంటే ఆ అంకెని బట్టి పాచికకి కలిసే అదనం, కలుస్తుంది, నువ్వు స్పృహలో ఉన్నంతసేపూ. 20 అంటే ఐదు. విషం మీద ఐదు, భయం మీద ఐదు, డ్రాగన్ ఊదే మంట మీద ఐదు. ఇరవై ముఖాల పాచికలో ఐదు ముఖాలంటే పావు వంతు. అదంతా నీ ఒక్కదానికే కాదు, పక్కనున్న ప్రతివాడికీ. నీ చేలో ఎక్కువైన నీళ్ళు గండి కొట్టకుండానే పక్క చేలోకి పారతాయి.

కాన్‌స్టిట్యూషన్ 17 దగ్గర ఎందుకు ఆపానో కూడా చెప్పాలి. 17కీ 16కీ కాగితం మీదే తేడా, ఆటలో రెండింటికీ మాడిఫయర్ మూడే. సరి అంకె మీదే మాడిఫయర్ పెరుగుతుంది. కానీ నాలుగో లెవెల్లో రెసిలియెంట్ అనే ఫీట్ (అంకె పెంపుకి బదులు తీసుకునే ప్రత్యేక విద్య) తీసుకుని కాన్‌స్టిట్యూషన్‌కి వాడితే ఒకటి కలిసి 18 అవుతుంది, పైగా ఆ సేవింగ్ త్రోలో ప్రొఫిషియెన్సీ, అంటే ఆరితేరినందుకు కలిసే అదనం, వస్తుంది. ఆరో లెవెల్ వచ్చేసరికి లెక్క చూడు: కాన్‌స్టిట్యూషన్‌ది నాలుగు, ప్రొఫిషియెన్సీ మూడు, ఆరా ఐదు, మొత్తం పన్నెండు. దెబ్బ తగిలినప్పుడు పట్టుకున్న మంత్రం జారిపోకుండా వేసే త్రోకి దెబ్బలో సగం, లేదా 10, ఏది పెద్దదైతే కనీసం అంత రావాలి కదా. పాచిక మీద ఒకటి పడినా నీకు 13. అంటే 27 దాకా దెబ్బ తగిలినా నీ బ్లెస్ చెదరదు. బ్లెస్ అంటే మొదటి లెవెల్ మంత్రం, ముగ్గురికి దెబ్బ వేసే పాచిక మీదా సేవింగ్ త్రోల మీదా నాలుగు ముఖాల పాచిక కలుపుతుంది. చిన్న మంత్రమని దాన్ని తీసిపారెయ్యకు. ఆట మొత్తంలో నేను వాడినంతగా మరొకటి వాడలేదు.

ఎనిమిదో లెవెల్లో స్ట్రెంగ్త్‌ని 20 చెయ్యి. ఆ తర్వాత 12, 16, 19 లెవెళ్ళలో వచ్చేవి నీ సరదా. మల్టీక్లాస్, అంటే మధ్యలో మరో క్లాసు కలపడం, ఆ మాట మాత్రం ఆరో లెవెల్ దాకా ఎత్తకు. నీ అంకెలకి దాదాపు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి, అదే గొడవ. తలుపు తీసుంది కదా అని ప్రతి ఇంట్లోకీ దూరితే నీ ఇంటికి ఎప్పుడొస్తావు? మధ్యలో రెండు లెవెళ్ళు పక్కకి పోతే ఐదులో వచ్చే రెండో దెబ్బా, ఆరులో వచ్చే ఆరా రెండేసి లెవెళ్ళు వెనక్కి పోతాయి.

పాలడిన్ మరీ పెద్దమనిషి తరహా అనిపిస్తే మాంక్ చూడు. అమలాపురం దసరాల్లో చెడీ తాలింఖానాలో కర్ర తిప్పేవాళ్ళని నోరు తెరుచుకుని చూసేదానివి కదా, అలాంటి మనిషి. వుడ్ ఎల్ఫ్ తీసుకుంటే డెక్స్టెరిటీ 20, విజ్‌డమ్ 18 అవుతాయి. కవచం లేకుండా పది, ఐదు, నాలుగు కలిపి ఏసీ, అంటే దెబ్బ తగలకుండా కాచే అంకె, 19. పదిహేను వందల బంగారు నాణేలు పోసి ప్లేట్ కవచం కొనుక్కున్నవాడిది 18. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ గొప్పంతా నీ ఒంటి మీదే ఉంటుంది, పక్కవాడికి పారేది తక్కువ. అందుకే నా ఓటు పాలడిన్‌కి.

ఈ పక్కవాడి గోల ఎందుకంటే, నేనొకసారి తప్పు చేశాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో శనివారాలు ఆఫీసు వాళ్ళం ఐదుగురం ఆడేవాళ్ళం. ఒకసారి నాకూ నీలాగే పడ్డాయి. రెండు 18లు. విజార్డ్ చేశాను. మిగిలిన అంకెలు కూడా పెద్దవే కాబట్టి తాళం నేనే తీసేవాణ్ణి, గోడ నేనే ఎక్కేవాణ్ణి, రాజుగారితో నేనే మాట్లాడేవాణ్ణి. ఫైటర్ ఆడే కుర్రాడికి అన్నిటికంటే పెద్ద అంకె 13. నన్ను ఆపడానికి డీఎం పెద్ద పెద్ద రాక్షసుల్ని దింపేవాడు. వాళ్ళ దెబ్బలు నాకు కాదు, ముందు నిలబడ్డ ఆ కుర్రాడికి తగిలేవి. నాలుగో వారం టీ దగ్గర "నా వంతు వచ్చేసరికి చెయ్యడానికి ఏమీ మిగలట్లేదండీ" అన్నాడు. ఐదో వారం రాలేదు. వాడు నవ్వుతూ అన్నాడని నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

నీ రూమ్మేట్‌కి 14, 13, 11, 10, 9, 7 వచ్చాయన్నావు. ఆ పిల్ల ముందు నీ షీట్ ఊపకు. ముందుగా మీ డీఎంని పక్కకి పిలిచి, ఒకరి అంకెలు అందరూ వాడుకోవచ్చేమో అడుగు. చాలాచోట్ల అలా ఆడతారు. ఒప్పుకుంటే గొడవే లేదు. ఒప్పుకోకపోతే ఆ పిల్లకి డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే క్లాసు) చెప్పు, రెండో లెవెల్లో మూన్ సర్కిల్ అనే శాఖ తీసుకోమను. 14 విజ్‌డమ్‌లో, 13 కాన్‌స్టిట్యూషన్‌లో, 7 స్ట్రెంగ్త్‌లో పడేస్తే చాలు. జంతువుగా మారినప్పుడు స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, కాన్‌స్టిట్యూషన్ ఆ జంతువువే వస్తాయి. గోధుమ రంగు ఎలుగుబంటి స్ట్రెంగ్త్ 19, నీ 18 కంటే ఒకటెక్కువ! ఒంట్లో 34 పాయింట్ల ప్రాణం. రెండో లెవెల్లో ఆ ఎలుగు పక్కన నువ్వు బక్క పాలడిన్‌లా కనిపిస్తావు, కనిపించు. అదీ మినుము పంటే మరి.

అన్నీ కుదిరిన మనిషికి లోపం ఎక్కణ్ణుంచి వస్తుందని అన్నావు. అంకెల్లో రాదు, ఒట్టులో వస్తుంది. మూడో లెవెల్లో పాలడిన్ ప్రమాణం చెయ్యాలి. డివోషన్ ప్రమాణం తీసుకుంటే అబద్ధం ఆడకూడదు. గోదావరి జిల్లాలో పుట్టి, ఎదుటివాణ్ణి పొగుడుతున్నట్టే తిట్టే విద్య ఉగ్గుపాలతో నేర్చుకుని, కరిజ్మా 20 పెట్టుకుని, అబద్ధం ఆడకూడదంటే ఎంత యాతనో ఊహించు. వెటకారం అబద్ధం కిందకి వస్తుందా రాదా అన్నది మీ డీఎంతో ముందే తేల్చుకో. నేనైతే రాదనే వాదిస్తాను.

ఇంకోటి. 18 ఉన్నంత మాత్రాన గురి తప్పదనుకోకు. 14 ఉన్నవాడికీ నీకూ మధ్య ఇరవైలో రెండు ముఖాలే తేడా. వరసగా మూడుసార్లు తప్పే రోజులొస్తాయి. ఆ రోజు పాచికని తిట్టకు, మంచం కిందకి విసరకు. (నీ సంగతి నాకు తెలుసు.)

1978లో వచ్చిన పాత పుస్తకంలో పాలడిన్ కావాలంటే కరిజ్మా కనీసం 17 పడి తీరాలి. మూడు పాచికలే వేస్తే అది 216 రకాల్లో నాలుగు మాత్రమే. అప్పటివాళ్ళు నెలల తరబడి ఆశపడి ఎదురుచూసింది నీకు హాస్టల్ మెస్ బల్ల మీద దొరికింది.

షీట్ పెన్సిల్‌తో రాయి. ఈ బుధవారం మన ఊరి నుంచి కాకినాడ వచ్చే ఆయన చేతికి ఆత్రేయపురం పూతరేకులు ఇచ్చి పంపిస్తున్నాను, బెల్లంవి. అడుగున కాగితం పొట్లంలో నా పాత ఆకుపచ్చ ఇరవై ముఖాల పాచిక ఉంది. 20 అంకె కాస్త అరిగింది, వెలుతురులో పట్టుకుని చూస్తే కనిపిస్తుంది. పూతరేకులు మీ రూమ్మేట్‌కి ముందు పెట్టు.

మీ పెదనాన్న

మీ మిడ్ పరీక్షలు ఏ తారీఖు నుంచో రాయమని పెద్దమ్మ అడిగింది. నేను అడగలేదు.