కొత్తగా తెచ్చిన టెగూ తినట్లేదు, చెయ్యి పెడితే బుస కొడుతోంది అన్నవారికి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: పిల్ల టెగూని (దక్షిణ అమెరికా పెద్ద బల్లి) తెచ్చి రెండు వారాలైంది, పగలంతా మట్టిలో దూరి ఉంటోంది, తిండి ముట్టట్లేదు, చెయ్యి పెడితే బుస కొట్టి తోక ఝాడిస్తోంది. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. "దీని స్వభావమే ఇంతా, తిరిగి ఇచ్చెయ్యాలా?" అని అడిగారు.

ఇప్పుడే ఇవ్వక్కర్లేదండీ. నేను డాలస్ దగ్గర ఉంటాను. మీలాగే అర్జెంటీనా నలుపు-తెలుపు టెగూని పిల్లగా తెచ్చుకున్నాను, ఇప్పుడది నాలుగడుగుల మగది. నేను చూసినంతలో కొత్త టెగూ కోపానికి చాలావరకు రెండే కారణాలు: వేడి చాలకపోవడం, మనం దాన్ని ఊరికే ఉండనివ్వకపోవడం. స్వభావం సంగతి ఆ రెండూ సరిచేశాక చూద్దాం.

వేడి 90 డిగ్రీలు ఉందన్నారు. దేనితో చూశారు? అద్దానికి అంటించే డయల్‌తో అయితే ఆ అంకెని పక్కన పెట్టండి. అది చెప్పేది గాలి వేడి, అదీ అంతంత మాత్రంగా. మనకి కావాల్సింది టెగూ పొట్ట ఆనించి పడుకునే రాయి ఎంత వేడిగా ఉందో. హార్డ్‌వేర్ షాపులో టెంపరేచర్ గన్ దొరుకుతుంది, కొనండి. రాయి పైన 110 నుంచి 120 ఫారెన్‌హీట్ ఉండాలి, అవతలి మూల 75-80 మధ్య చల్లగా ఉండాలి. ఒంట్లో వేడి ఎక్కకపోతే తిన్నది అరగదు, అందుకే అది తిండి జోలికి రాదు. మామూలు హాలోజన్ ఫ్లడ్ బల్బులు రెండు పక్కపక్కన పెడితే ఒళ్ళంతా సమంగా కాగుతుంది. ఎర్ర బల్బులు వద్దు. ప్లగ్గు పెట్టి వేడిచేసే రాళ్ళు అసలే వద్దు, పొట్ట కాలిపోతుంది. ఎండలో ఉండే యూవీబీ కిరణాల కోసం, వాటినిచ్చే పొడుగాటి టీ5 ట్యూబ్ (సన్నటి ట్యూబ్‌లైటు) పెట్టండి. పైకి వెలుగుతున్నట్టే ఉన్నా దాని పస తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి. యూవీబీ, కాల్షియం చాలకపోతే ఎముకలు మెత్తబడతాయి. దవడ రబ్బరులా వంగడం, కాళ్ళు వణకడం కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తేమ 70-80 శాతం కావాలి. చలికాలం హీటర్ వేసిన ఇంట్లో, పైన జాలీ మూత ఉన్న తొట్టిలో అది నిలవదు. జాలీలో బల్బుల కింద భాగం వదిలేసి మిగతాది ఫాయిల్‌తో కప్పెయ్యండి. అడుగున మట్టి, సైప్రస్ చెట్టు పొట్టు కలిపి దిట్టంగా వెయ్యండి, అది ఒళ్ళు దాచుకునేంత లోతు ఉండాలి. మూలల్లో గోరువెచ్చటి నీళ్ళు పోస్తుంటే కింద తడి నిలుస్తుంది. దేవదారు పొట్టు వాడకండి, ఆ వాసన వాటికి పడదు. తేమ లేకపోతే కుబుసం వేళ్ళకీ తోక చివరకీ చుట్టుకుపోయి రక్తం ఆడక ఆ కొసలు ఊడిపోతాయి.

ఇక మట్టిలో దూరడం గురించి. మీరు తెచ్చింది వేసవిలో పుట్టిన పిల్ల, ఇప్పుడు నవంబరు. అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ వైపు టెగూలు చలికాలం నెలల తరబడి బొరియలో పడుకుంటాయి. పెంపకందార్లు దీన్ని బ్రూమేషన్ అంటారు. గదిలో వేడి ఉన్నా రోజు పొట్టిబడితే వాటికి తెలిసిపోతుంది, మొదటి ఏడాది పిల్లలు కూడా మందగిస్తాయి. ఈ జంతువు మనం అనుకునేంత సాదా బల్లి కాదు లెండి. 2016లో కెనడా, బ్రెజిల్ శాస్త్రజ్ఞులు సైన్స్ అడ్వాన్సెస్ అనే పత్రికలో రాశారు: జతకట్టే కాలంలో టెగూలు సొంతంగా వేడి పుట్టించుకుని, తెల్లవారుజామున బొరియ కంటే 10 సెల్సియస్ దాకా ఎక్కువ వెచ్చగా ఉంటాయట.

అది నిద్రో జబ్బో తేల్చుకోవడానికి తూకమే దారి. గ్రాముల్లో చూపే చిన్న తక్కెడ దానికోసం విడిగా కొని, వారానికోసారి తూచి రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే కంగారు లేదు. బరువు దిగుతున్నా, తోక మొదలు సన్నబడి తుంటి ఎముకలు తేలుతున్నా, నోట్లో నురగ ఉన్నా అది నిద్ర కాదు. సరీసృపాలు చూసే వెట్‌కి చూపించండి, తాజా పేడ కూడా పట్టుకెళ్ళి నులిపురుగుల పరీక్ష చేయించండి. కుక్కలూ పిల్లులూ మాత్రమే చూసే క్లినిక్‌కి వెళ్తే డబ్బు దండగ.

మచ్చిక చేసుకోవడం విషయంలో మీరు తొందరపడుతున్నారనిపిస్తోంది. పైనుంచి వచ్చే చెయ్యి దానికి గద్ద. ఒకరోజు తొడుక్కున్న పాత టీషర్టు ఉతక్కుండా లోపల పడెయ్యండి, దాని కింద పడుకోవడం మొదలుపెడుతుంది. సాయంత్రాలు తొట్టి పక్కన కూచుని మీ ఫోను మీరు చూసుకోండి. కొన్నాళ్ళకి తలుపు తెరిచి చెయ్యి కింద నేలమీద పెట్టి కదలకుండా ఉంచండి, అదే వచ్చి నాలుకతో తడుముతుంది. పట్టుకోవడం ఆ తర్వాతే. తోక పట్టి మాత్రం ఎప్పుడూ లాగొద్దు, పిల్లలు తోక వదిలేస్తాయి. ఏడాది వయసులో మళ్ళీ ఓసారి తిక్కగా తయారవుతుంది. మా వాడికి దవడలు ఉబ్బడం మొదలైన రోజుల్లో నన్ను గది గుమ్మం దాటనివ్వలేదు. ఈడొచ్చిన కుర్రాడి వేషాలన్నమాట, అవే తగ్గాయి.

తిండి దగ్గర మన ఇళ్ళలో అసలు గొడవ వస్తుంది. దీన్ని శాకాహారం మీద పెంచడం కుదరదు. పిల్లకి రోజూ పురుగులు, టర్కీ ఖీమా, ఉడకబెట్టిన గుడ్డు, అప్పుడప్పుడు చేప, ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన చిన్న ఎలుకలు పెట్టాలి. అన్నింటిమీదా కాల్షియం పొడి చల్లండి. పెద్దయ్యాక వారానికి రెండు మూడుసార్లు చాలు, బొప్పాయి, మామిడి ముక్కలు కూడా వెయ్యచ్చు. అవకాడో, ఉల్లిపాయ వద్దు. పెరట్లో పట్టిన మిణుగురులు విషం. పట్టకారుతోనే పెట్టండి, వేలికి మాంసం వాసనుంటే వేలు కూడా తిండే. మా ఆవిడ గోంగూర పచ్చడి పక్కన ఎలుకల పొట్లం చూసిన రోజే గరాజ్‌లోకి చిన్న ఫ్రిజ్ వచ్చింది. మీరు ఆ పని ముందే చేసెయ్యండి.

పాప విషయంలో మాత్రం నేను మెత్తగా చెప్పను. పైకి ఆరోగ్యంగా కనిపించే సరీసృపం ఒంటిమీద కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు, అందుకే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అయిదేళ్ళలోపు పిల్లల్ని వీటిని తాకనివ్వొద్దంటుంది. పాప దూరంగా అద్దంలోంచి చూడాలంతే. తొట్టి గదికి గొళ్ళెం పెట్టండి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకండి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇది మీవల్ల కాదనిపిస్తే అప్పుడు ఇచ్చెయ్యడం సబబే.

మీ అత్తగారు "ఉడుము" అంటున్నారని రాశారు, మా అమ్మా అంతే. చూపుకి అలాగే ఉన్నా రెండిటి కుటుంబాలు వేరు. ఇండియాలో ఉడుము వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది, పెంచడం నేరం. ఇక్కడ టెగూకి రాష్ట్రానికో రూలు. ఫ్లోరిడా 2021లో నిషేధిత జాబితాలో పెట్టేసింది. వదిలేసినవీ తప్పించుకున్నవీ అడవిలో పిల్లల్ని పెట్టి మొసళ్ళ గుడ్లూ తాబేళ్ళ గుడ్లూ తినేస్తున్నాయి మరి. జార్జియాలో కూడా కొత్తగా కొనడం కుదరదు. ఉద్యోగం మారి అటువైపు వెళ్ళే ఆలోచన ఉంటే ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి, ఇది 15-20 ఏళ్ళు బతికే జీవి. పెద్దదానికి 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు పెట్టె కావాలి. మీ 40 గ్యాలన్ల తొట్టి కొద్ది నెలలే సరిపోతుంది.

గన్ కొన్నాక రాయి మీద ఎంతుందో, చల్లటి మూల ఎంతుందో, పిల్ల బరువెంతో, ఏ బల్బులు ఎంత ఎత్తులో పెట్టారో ఇక్కడే రాయండి. అవి చూసి చెప్తాను.