చిన్న ద్వీప దేశాల పార్లమెంటును బలపరచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

శిక్షణ శిబిరాలతో కాదు, సీట్ల లెక్కతో. పసిఫిక్ ద్వీప దేశం నౌరూ ఉదాహరణ చూడండి. జనాభా పదివేల పైచిలుకు, 2010లో 18 మంది సభ్యులు. ఏప్రిల్ ఎన్నికల్లో ప్రభుత్వ పక్షానికీ ప్రతిపక్షానికీ చెరి తొమ్మిది సీట్లు వచ్చాయి. అక్కడ స్పీకర్‌కు మామూలుగా ఓటు లేదు, సమంగా చీలితేనే వేయాలి. అంటే మనిషిని స్పీకర్‌గా ఇచ్చిన పక్షం ఎనిమిదికి పడిపోతుంది. అందుకే ఎవరూ ఇవ్వలేదు. జూన్‌లో మళ్లీ ఎన్నికలు పెట్టినా ముడి వీడలేదు. నవంబర్‌లో లుడ్విగ్ స్కాటీ స్పీకర్ అయ్యాకే ప్రభుత్వం ఏర్పడింది. 2013 నాటికి సీట్లు 19 చేశారు.

బేసి సంఖ్య ఒక్కటే చాలదు, ఒకరు ఫిరాయిస్తే కథ మొదటికొస్తుంది. మరో పసిఫిక్ ద్వీప దేశం కిరిబాటి పద్ధతి నాకు మెరుగనిపిస్తుంది: స్పీకర్‌ను సభ్యులు కానివారి నుంచే ఎన్నుకుంటారు, కాబట్టి ఏ పక్షం బలమూ తగ్గదు.

తర్వాతి చిక్కు కమిటీలది. 19 మందిలో స్పీకర్, అధ్యక్షుడు, ఐదారుగురు మంత్రులు పోతే మిగిలేది పదకొండు పన్నెండు మంది. ప్రతి శాఖకూ కమిటీ వేస్తే అవే ముఖాలు అన్నిచోట్లా కూర్చోవాలి, కోరం నిండక సమావేశాలు వాయిదా పడతాయి. రెండు మూడు చాలు. అందులో ప్రజాపద్దుల కమిటీ తప్పనిసరి, దానిలో మంత్రులు ఉండకూడదు. తమ ఖర్చును తామే తనిఖీ చేసుకుంటే అది తనిఖీ కాదు.

బడ్జెట్ విశ్లేషకులను ఏడాది పొడవునా పోషించే స్తోమత లేకపోతే, బడ్జెట్ వారాల్లో పొరుగు పార్లమెంటుల సిబ్బందిని రప్పించుకోవచ్చు. పసిఫిక్‌లో ఈ పద్ధతి నడుస్తోంది.