కొరియర్‌లో దెబ్బతిన్న టర్న్‌టేబుల్: రిపేరుకు ముందే నోటీసు ఇవ్వండి

ప్రశ్న: మా నాన్నగారి రికార్డులు వినాలని చెన్నైలోని ఒక పాత ఆడియో పరికరాల దుకాణంలో గ్యారార్డ్ 301 టర్న్‌టేబుల్‌ను (రికార్డులు తిప్పి వినిపించే యంత్రం) 1,40,000 రూపాయలకు కొన్నాను. దుకాణం వారే కొరియర్‌లో పంపి, ఛార్జీ 3,200 నా దగ్గర తీసుకున్నారు. విప్పి చూస్తే ప్లాటర్ (రికార్డు పెట్టే గుండ్రటి పళ్లెం) వంకరగా తిరుగుతోంది. దాని ఇరుసు, అంటే స్పిండిల్ వంగిందని, బాగుచేయడానికి 38,000 అవుతుందని మెకానిక్ అంటున్నారు. రశీదు వెనక నిబంధన ప్రకారం 2,000కు మించి ఇవ్వబోమని కొరియర్ వారు, తమ బాధ్యత కాదని దుకాణం వారు చెబుతున్నారు. రశీదులో వస్తువు విలువ 20,000 అని ఉంది. రిపేరు చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఇప్పుడే చేయించవద్దు. 1954లో ఇంగ్లాండులో తయారీ మొదలైన ఆ యంత్రానికి మీరెంత విలువ ఇస్తున్నారో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. కానీ నష్టం ఎలా జరిగిందో చెప్పగల సాక్ష్యం ఆ వంగిన స్పిండిల్, దానితో వచ్చిన అట్టపెట్టె మాత్రమే. ఈ టర్న్‌టేబుల్ బరువైన ప్లాటర్‌ను ఊడదీసి విడిగా ప్యాక్ చేయాలి. బిగించి ఉంచి పంపితే దారిలోని ప్రతి కుదుపూ స్పిండిల్ మీద, దాన్ని పట్టి ఉంచే బేరింగ్ మీద పడుతుంది. కనుక పెట్టె మూలలు నలగకుండా లోపల స్పిండిల్ వంగి ఉంటే తప్పు ప్యాకింగ్‌దని, పెట్టే చితికి ఉంటే రవాణాదని వాదించడానికి వీలుంటుంది. పెట్టెను నాలుగు వైపులా, లోపలి థర్మోకోల్‌తో సహా ఫొటోలు తీసి, మెకానిక్ చేత కారణం, ఖర్చు కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఫొటోలను సాక్ష్యంగా దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువీకరణ పత్రం జతచేయాలి.

రోడ్డు రవాణా చట్టం, 2007 కొరియర్ సంస్థలకు కూడా వర్తిస్తుంది. దాని సెక్షన్ 16 ప్రకారం, పార్శిల్ బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే దావా నిలవదు. లెక్క మీకు అందిన రోజు నుంచి కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. కొరియర్ వారి నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కరలేదు. ఎక్కువ బాధ్యత తీసుకోవడానికి అధిక ఛార్జీ చెల్లిస్తామని పంపినవారు రాసివ్వని సందర్భంలో, ఆ చట్టం కింది నిబంధనల ప్రకారం కొరియర్ వారి బాధ్యత ఛార్జీకి పది రెట్ల వరకు, అంటే మీ విషయంలో 32,000 వరకు ఉంటుంది. అయితే అది ప్రకటించిన విలువను మించరాదు కాబట్టి 20,000 దగ్గర ఆగుతుంది. ఇక 2,000 నిబంధన సంగతి. సంతకం చేసిన పరిమితి కట్టుబాటేనని సుప్రీంకోర్టు 1996లో భారతీ నిట్టింగ్ కంపెనీ కేసులో చెప్పింది గనుక, మీ రశీదుపై ఎవరి సంతకం ఉందో, అసలు ఉందో లేదో ముందుగా చూడండి.

నా అభిప్రాయంలో మీ బలమైన వాదన దుకాణంపైనే. వస్తువు స్వభావానికి తగినట్టుగా రవాణా ఒప్పందం చేసుకోవలసిన బాధ్యత అమ్మకందారుదేనని వస్తు విక్రయ చట్టం, 1930 సెక్షన్ 39(2) చెబుతోంది. లక్షా నలభై వేల వస్తువుకు ఇరవై వేల విలువ రాయించడం, అదీ మీ అనుమతి లేకుండా అయితే, ఆ బాధ్యతను మరవడమే. విలువ తగ్గించమని మీరే చెప్పి ఉంటే మాత్రం ఆ విషయం మీ న్యాయవాదికి దాచకుండా చెప్పండి.

ఇద్దరికీ ఒకేరోజు స్పీడ్ పోస్టులో నోటీసులు పంపి, వచ్చి తనిఖీ చేసుకోవడానికి 15 రోజుల గడువు ఇవ్వండి. స్పందన లేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయవచ్చు; చెన్నై వెళ్లనక్కరలేదు. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. రిపేరు ఖర్చు, కొరియర్ ఛార్జీ, పడిన ఇబ్బందికి పరిహారం అన్నీ అందులో కోరండి.

తనిఖీ గడువు ముగిశాక రిపేరు నిశ్చింతగా చేయించుకోండి. అయితే వంగిన పాత స్పిండిల్‌ను మెకానిక్ దగ్గర వదిలేయకుండా, బిల్లుతో పాటు అడిగి తెచ్చి, కవరులో పెట్టి తేదీ రాసి భద్రపరచండి.