ఆటలమ్మ బాబుకు, నా బెంగ మీ ఆడపడుచు గురించి

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. మూడు రోజుల క్రితం ఆటలమ్మ పోసింది. దురద తగ్గడానికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ వేసి, మూడు రకాల మాత్రలు ఇచ్చారు. స్నానం చేయించవచ్చా? ఇంట్లో పోపు పెట్టకూడదంటున్నారు, నిజమేనా? మచ్చలు ఉండిపోతాయా? కాన్పుకు వచ్చిన మా ఆడపడుచుకు ఏడో నెల. బాబును ఆమే చూసుకుంటోంది. – ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారే, నేను దానితోనే మొదలుపెడతాను. మీ ఆడపడుచుకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా? మీ అత్తగారిని అడగండి. వచ్చి ఉంటే దాదాపు భయం లేదు. రాలేదన్నా, గుర్తు లేదన్నా ఆమెను చూస్తున్న గైనకాలజిస్టుకు ఈ రోజే ఫోన్ చేయండి. చెప్పకుండా వెళ్లి మిగతా గర్భిణుల మధ్య కూర్చోకూడదు. ఈ వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు ఆమెలో ఉన్నాయో లేవో రక్తపరీక్షలో తెలుస్తుంది. లేకపోతే ఆ యాంటీబాడీలనే నేరుగా అందించే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షనా, వైరస్‌ను అణిచే మాత్రలా అన్నది ఆ డాక్టరు నిర్ణయిస్తారు. అంటుకునే దశలో బాబు దగ్గర మసలిన తొలి రోజు నుంచి ఆ ఇంజెక్షన్‌కు గడువు 10 రోజులే. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుతుంది కాబట్టి, అందులో 5 రోజులు ఇప్పటికే అయిపోయాయనుకోండి. గర్భిణులకు ఆటలమ్మ సోకితే న్యుమోనియా ముప్పు ఎక్కువ, ఆ సమయంలో టీకా కూడా వేయకూడదు. ఈలోగా బాబును ఇంకెవరైనా చూసుకోవాలి.

ఇక బాబుకు ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షన్. ఏమి వేశారో అడిగారా? దురద చప్పున తగ్గాలని స్టెరాయిడ్ వేయడం నేను తరచూ చూస్తున్నాను. ఆటలమ్మలో అది జబ్బును ముదరబెట్టవచ్చు. మాత్రల్లో ఆస్పిరిన్ ఉంటే పిల్లలకు ప్రమాదం, ఐబుప్రొఫెన్ కూడా వద్దు. యాంటీబయాటిక్ ఈ వైరస్‌పై పనిచేయదు, పొక్కులకు చీము పడితే అప్పటి మాట వేరు. జ్వరానికి బాబు బరువును బట్టి పారాసెటమాల్ చాలు. చదువుకున్నవారే పేరు తెలియని మాత్రలు మింగిస్తే ఏమనాలి?

స్నానం గోరువెచ్చని నీటితో చేయించండి. గుమ్మానికి వేపాకు కట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. పగిలిన పొక్కులపై మాత్రం పసుపు ముద్ద రుద్దకండి. పోపుకూ దీనికీ సంబంధం లేదు, పిల్లవాడు తింటే అదే పదివేలు. గోళ్లు కత్తిరించండి, గీరకపోతే మచ్చలు చాలావరకు పోతాయి. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా బడి వద్దు.

బాబును చూడకుండా రాస్తున్నాను కాబట్టి పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆయాసం, మగత, నడకలో తూలడం, ఆగని వాంతులు, తగ్గిన జ్వరం తిరగబెట్టడం, పొక్కుల చుట్టూ ఎర్రగా వాచడం – వీటిలో ఏది కనిపించినా రాత్రయినా ఆగకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. మాత్రల అట్టలు పారేయకండి, అక్కడి డాక్టరు ముందుగా అడిగేది అవే.