టెస్టుల్లో ఎడమచేతి బ్యాటర్లకు నిజంగా లాభం ఉందా?

ఉంది, కానీ అది ముఖ్యంగా కుడిచేతి పేసర్ల (వేగంగా వేసే బౌలర్ల) మీదే, అదీ బంతి వచ్చే కోణం వల్ల.

కుడిచేతి బౌలర్ ఓవర్ ద వికెట్ (బంతి వేసే చేయి స్టంప్స్ పక్కన ఉండేలా) వేస్తే బంతి ఎడమచేతి బ్యాటర్‌కు లెగ్ వైపు (కాళ్ల వైపు) నుంచి ఆఫ్ వైపు (బ్యాట్ వైపు) అడ్డంగా వెళ్తుంది. స్టంప్స్ మీద పడిన బంతి లోపలికి స్వింగ్ కాకపోతే ఆఫ్ స్టంప్ బయటకు పోతుంది. స్టంప్స్‌కు తగిలేలా రావాలంటే చాలాసార్లు లెగ్ స్టంప్ బయట పిచ్ కావాలి. అక్కడ పిచ్ అయితే నిబంధన ప్రకారం ఎల్‌బీడబ్ల్యూ (స్టంప్స్‌కు వెళ్లే బంతి కాలికి అడ్డుపడితే ఇచ్చే ఔట్) ఇవ్వరు. అలా ఒక ఔట్ దారి సన్నబడుతుంది. అయితే అదే కోణం స్లిప్ క్యాచ్‌లకు (కీపర్ పక్కన ఫీల్డర్లకు దొరికేవాటికి) దారి తీస్తుంది కాబట్టి బయటకు పోయే బంతిని ఆడకుండా వదిలేయడం బాగా తెలిసుండాలి. కుడి-ఎడమ జోడీ క్రీజులో ఉంటే ప్రతి సింగిల్‌కూ బౌలర్ లైన్, ఫీల్డింగ్ మార్చుకోక తప్పదు.

కొందరు స్పిన్నర్లపైనా కొంత లాభం ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో విశాఖ పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ఇంగ్లండ్‌పై భారత ఎడమచేతి ఓపెనర్ యశస్వి జైస్వాల్ 209 కొట్టాడు. లెగ్ స్పిన్నర్ రెహాన్ అహ్మద్, ఎడమచేతి స్పిన్నర్ హార్ట్‌లీ బంతులు అతనికి లోపలికే తిరిగాయి. ఆ ఇన్నింగ్స్‌లో తర్వాతి అత్యధిక స్కోరు గిల్ చేసిన 34.

ఎడమచేతి వాటం అందరు బౌలర్లపైనా పనికొస్తుందనుకోవడం పొరపాటు. కుడిచేతి బౌలర్ వేసే ఆఫ్ స్పిన్ వీళ్లకు బయటకు తిరుగుతుంది. పైగా కుడిచేతి పేసర్ల అడుగులతో రేగిన గరుకు మట్టి సరిగ్గా వీళ్ల ఆఫ్ స్టంప్ బయటే ఉంటుంది. భారత ఆఫ్ స్పిన్నర్ అశ్విన్ టెస్టుల్లో 200కు పైగా ఎడమచేతి బ్యాటర్ల వికెట్లు తీశాడంటే కారణం చాలావరకు ఇదే.