మందు మానాలనుకునేవారి మీటింగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఆయనకు 42 ఏళ్లు. పొద్దున్న లేవగానే ఒక క్వార్టరు పడితేగానీ చేతుల వణుకు ఆగదు. ఈమధ్య తనంతట తనే మానేస్తానంటున్నారు. మానినవాళ్లు కూర్చుని మాట్లాడుకునే మీటింగులు ఉంటాయని విన్నాం. ఎలా కనుక్కోవాలి? నేనూ వెళ్లొచ్చా? నలుగురికీ తెలిసిపోతుందని ఆయన భయం.
– ఒక సోదరి, ఆమదాలవలస

జవాబు: అమ్మా, మీటింగుకంటే ముందు డాక్టరు. పొద్దున్నే వణుకుతోందంటే ఒళ్లు మందుకు బాగా అలవాటు పడిపోయింది. అలాంటివాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరు లేనివి చూస్తారు, ఇంట్లోవాళ్లనే పోల్చుకోలేరు. అది ప్రాణం మీదికొచ్చే స్థితి. గదిలో పెట్టి గడియ వేస్తే అదే దిగిపోతుందని ఎవరు చెప్పినా వినకండి.

శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. రోజుకెంత తాగుతారు, ఆఖరిసారి ఎప్పుడు తాగారు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా – ఇవి చీటీ మీద రాసుకెళ్లండి. అక్కడ కంగారులో సగం మర్చిపోతారు. ఇంకో మాట. నీరసంగా ఉన్నారని ఊళ్లో ముందుగా గ్లూకోజు ఎక్కించేస్తుంటారు. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు బి1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు పెడితే మెదడుకు దెబ్బ తగలొచ్చు. ఆయన తాగుతారన్న సంగతి దాచకండి.

ఇక మీటింగులు. మీరు విన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి అయ్యుండాలి. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని అక్రాన్ అనే ఊళ్లో మందుకు బానిసలైన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, కలిసి మొదలుపెట్టారు. ఫీజు లేదు, మతం అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో దగ్గరి గ్రూపు నంబరు వెతకండి. చికిత్సా కేంద్రాల వివరాలకు 14446కు ఫోన్ చేయవచ్చు, ఉచితం.

నంబరు దొరికాక, వెళ్లే రోజునే ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: ఏ గది, ఎన్ని గంటలకు, తెలుగులో మాట్లాడతారా, ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా. గ్రూపులు గదులు మారుస్తుంటాయి. ఎంతో ధైర్యం చేసుకుని వెళ్లిన మనిషికి తాళం కనిపిస్తే, తిరుగుదారిలో వైన్ షాపు ఉండనే ఉంటుంది. ఓపెన్ మీటింగుకు మీరూ వెళ్లొచ్చు. క్లోజ్డ్ అయితే ఆయన ఒక్కరే. మీలాంటి ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే ఉంది. ఆయన మీటింగుకు వెళ్లినా వెళ్లకపోయినా మీరు అందులో చేరవచ్చు.

పరువు సంగతి: పూర్తి పేరు చెప్పనక్కర్లేదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ల కట్టుబాటు. అయినా బెరుకు తీరకపోతే మీ స్టేషన్లో రైలెక్కి విజయనగరమో విశాఖో, గ్రూపు ఉన్నచోటికి వెళ్లండి.

మీటింగు గంట, గంటన్నర సాగుతుంది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు, మధ్యలో ఎవరూ అడ్డురారు. తన వంతు వస్తే “ఈరోజు వింటాను” అంటే చాలు. ఖర్చులకని సంచో డబ్బానో చేతులు మారుతుంది. కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. టీ ఇస్తే సగం గ్లాసే పోయమనాలి, చెయ్యి వణికినా ఒలకదు. లేచి వచ్చేసే ముందు కనీసం ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోవాలి. అసలు పని అక్కడుంది. ఆ ఫోను తాగాలనిపించినప్పుడు చేయాలి, తాగాక కాదు.

ఒక్కసారి వెళ్లి “నాకంత ముదరలేదు” అని మానేసేవాళ్లే ఎక్కువ. 90 రోజుల్లో 90 మీటింగులని ఏఏలో పాత సలహా. మన దగ్గర రోజూ దొరకవు కాబట్టి వారానికొకటి నేరుగా, మిగిలిన రోజులు ఫోన్లో ఆన్‌లైన్ మీటింగు పెట్టుకోండి. సాయంత్రం పూట, రోజూ సీసా తెరిచే వేళకే. కనుమ నాడు, సిరిమాను నాడు తప్పకుండా.

ప్రశ్న: మా తమ్ముడికి తెలియకుండా కూరలో కలిపే మాత్ర ఉందట. వాడొచ్చా?
– నెల్లిమర్ల

జవాబు: వద్దు. అది డైసల్ఫిరామ్ అయితే, దాని మీద మందు పడగానే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. ఆల్కహాలు కలిసిన దగ్గు టానిక్కుతోనూ ఇలాగే అవుతుంది. అతనికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు రాస్తేనే వాడాలి.

ప్రశ్న: మా దగ్గర గ్రూపు లేదు. మానిన మేం ముగ్గురం పెట్టుకోవచ్చా?
– పలాస

జవాబు: నిక్షేపంగా. ఇద్దరున్నా చాలు. ఇంట్లో వద్దు. బయట చిన్న గదైనా తీసుకుని, అద్దె మీరే కట్టుకోండి. దాత డబ్బు తీసుకుంటే రేపు ఆయన ఫ్లెక్సీ గుమ్మానికి వేలాడుతుంది, పేరు బయటపడుతుందని కొత్తవాడు లోపలికి రాడు. ప్రారంభోత్సవానికి నాయకుల్నీ పిలవకండి. వారం, వేళ ఒకసారి పెట్టాక మార్చకండి. ఎవరూ రాని రోజున కూడా తలుపు తీసి ఆ గంటా కూర్చోండి.