స్లిక్ టైర్లు కొనేముందు

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవి రమేశ్‌కు ఆశీస్సులు.

డ్రాగ్ రేసుకు, అంటే తిన్నటి దారిలో కొద్ది దూరం పోటీకి, స్లిక్కులు (గాట్లు లేని మెత్తటి రేసు టైర్లు) కొంటానన్నావు. ఎంత వెడల్పయితే అంత పట్టు అనుకుంటున్నట్టున్నావు. నీది ముందు చక్రాలు లాగే బండి. క్లచ్ వదలగానే బరువు వెనక్కి పోతుంది, లాగాల్సిన టైర్లే తేలికవుతాయి. వెడల్పు పెంచితే తిప్పాల్సిన బరువు పెరిగినంతగా పట్టు పెరగదు. అందుకని ముందు ఎత్తు తేల్చుకో.

టైరు మీద 26.0/8.5-15 అని ఉంటే ఎత్తు 26 అంగుళాలు, ట్రెడ్ (నేలకు తగిలే భాగం) వెడల్పు 8.5, రిమ్ము 15. నీ 185/60 ఆర్15 రోడ్డు టైరు ఎత్తు 24కి కాస్త తక్కువ. 24 నుంచి 26కి మారితే, అదే గేరులో అదే వేగానికి 6500 ఆర్‌పీఎంలో తిరిగే ఇంజను 6000 దగ్గరే ఉంటుంది. అంటే గేరు బరువెక్కినట్టే, స్టార్టులో బండి ఈడుస్తుంది. మరీ పొట్టి టైరు వేస్తే ఫినిష్ గీత దాటకముందే ఇంకో గేరు మార్చాల్సి వస్తుంది. ఇప్పుడున్న టైర్లతో గీత దగ్గర ఎంత ఆర్‌పీఎం వస్తోందో చూసి లెక్క వేసుకో. బయాస్ స్లిక్కు (లోపలి దారాలు ఏటవాలుగా పరిచింది) వేగం మీద ఉబ్బి ఇంకాస్త ఎత్తు పెరుగుతుంది, దానికీ కొంత వదులు.

బయాసా, రేడియలా (దారాలు అడ్డంగా నేరుగా పరిచింది) అంటే, క్లచ్ బండికి నా ఓటు బయాసుకే. స్టార్టులో దాని పక్కగోడ ముడత పడి దెబ్బను మింగుతుంది, యాక్సిల్ జాయింట్లు బతుకుతాయి. రేడియల్ చివర్లో తేలిగ్గా, నిలకడగా పోతుంది. కానీ పట్టు కోసం జిగురు కొట్టని తారు ట్రాక్ మీద ఒకసారి జారిందంటే మళ్లీ పట్టు దొరకడం కష్టం.

ప్రెషర్ కంపెనీ చార్టులో నీ బండి బరువుకు ఇచ్చిన దగ్గర మొదలుపెట్టి, రన్‌కి అర పీఎస్‌ఐ చొప్పున మాత్రమే మార్చు. బయాసుకు మామూలుగా 20 లోపే ఉంటుంది కాబట్టి బంకు గేజితో పని జరగదు, 0–30 గేజి కొను. బర్నౌట్ (స్టార్టుకు ముందు టైర్లు జారేలా తిప్పి వేడి చేయడం) గుర్తు నడిమధ్యే ముదురుగా పడితే గాలి ఎక్కువ, రెండంచుల్లోనే పడితే తక్కువ. మరీ తగ్గిస్తే చివర్లో బండి ఊగుతుంది. మన ఎండలో ఒక పక్క టైరు మీదే ఎండ పడినా రెండు ప్రెషర్లూ తేడా వచ్చి బండి ఒకవైపు లాగుతుంది. నీడలో పెట్టి చూడు.

తక్కువ గాలితో టైరు రిమ్ము మీద జరుగుతుంది. ట్యూబు ఉంటే వాల్వు తెగిపోతుంది. టైరుకీ రిమ్ముకీ కలిపి తెల్ల రంగు గీత పెట్టు. రన్ తర్వాత గీత తప్పితే టైరు జరగకుండా రిమ్ములోంచి బిగించే రిమ్ స్క్రూలు వేయించాల్సిందే.

బర్నౌట్‌కి హ్యాండ్‌బ్రేక్ చాలు, వెనక చక్రాలు ఆగుతాయి. నీళ్లలో తిప్పడం మొదలుపెట్టి పొడి నేల మీదికి వచ్చాక పొగ లేచేదాకా తిప్పు, ఆపు. టైరు పాలిష్ జోలికి పోకు.

సెకండ్‌హ్యాండ్‌వి అయితే ట్రెడ్ మీది చిన్న గుంటల లోతు చూడు, అరుగుదల వాటితోనే తెలుస్తుంది. గోరు నొక్కితే దిగని రబ్బరు ఎంత చవకైనా వద్దు. తెచ్చాక నల్ల కవరులో చుట్టి, వెల్డింగ్ సెట్టుకీ కరెంటు మోటార్లకీ దూరంగా దాచు. వాటి నుంచి వచ్చే ఓజోన్‌కి రబ్బరు పగులుతుంది. ఆటోనగర్ షెడ్లలో ఆ రెండూ లేని మూల దొరకడమే గగనం, ఇంట్లో పెట్టుకో.

గుంటూరు రోడ్డు మీద వీటితో తిప్పావంటే ఊరుకోను. ట్రాలీ మీదే వెళ్లాలి.

రిమ్ము వెడల్పు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఫెండరుకీ సస్పెన్షన్ స్ట్రట్టుకీ టైరు తగలకుండా మిగిలే ఖాళీ, డ్రైవరుతో కలిపి బండి బరువు, ఈ మూడూ కొలిచి పంపు. అప్పటిదాకా డబ్బు కట్టకు.

మీ బాబాయి